రాయబారి సాఫల్యానికి కొలమానం: సర్వేపల్లి రాధాకృష్ణన్ మాస్కో సంవత్సరాలు (1949-1952) – పరిశీలన

వ్యాససంగ్రహం:
సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949 నుంచి 1952 వరకు సోవియట్ యూనియన్‌లో భారత రాయబారిగా పనిచేశారు. ఆ సంవత్సరాలను మనం ఎక్కువగా స్టాలిన్‌తో జరిగిన సంభాషణల రూపంలోనే గుర్తుంచుకున్నాం. తిక్కన ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టాలను ఆధారం చేసుకొని ఆ కృషి విలువను, పరిమితిని అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాయబారం, రాధాకృష్ణన్, మాస్కో, ఉద్యోగపర్వం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
స్టేషన్ ఘన్‌పూర్‌లో డిగ్రీ విద్యార్థులకు ఉద్యోగపర్వం బోధించేటప్పుడు ఒక ప్రశ్న తరచు ఎదురవుతుంది. యుద్ధం ఆగలేదు కాబట్టి కృష్ణరాయబారం విఫలమైనట్టేనా? తెలుగువారికి రాయబారం అనగానే తిరుపతి వేంకటకవుల పద్యాలు, రంగస్థలం గుర్తుకొస్తాయి. అందుచేత ఈ ప్రశ్న మన సాహిత్య సంస్కారంలోంచే పుట్టింది. దీనికి చెప్పుకొనే సమాధానాన్ని బట్టే ఆధునిక రాయబారులను కూడా మనం అంచనా వేస్తాం.

2. ఉద్యోగపర్వం చూపే ప్రమాణం:
ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, కృష్ణుడు – ఈ మువ్వురి రాయబారాలూ యుద్ధాన్ని నివారించలేదు. అయినా వాటి ప్రయోజనం ఒకటి కాదు. సంజయుడు ధృతరాష్ట్రుని పక్షాన శాంతి కోరాడు. రాజ్యభాగం ఇస్తామన్న మాట మాత్రం తేలేదు. కృష్ణుడు నిండుసభలో పాండవుల న్యాయాన్ని స్పష్టంగా వినిపించాడు. ఆ తర్వాత యుద్ధానికి బాధ్యులెవరో సభకు తెలిసిపోయింది. కాబట్టి సంధి కుదిరిందా లేదా అన్నదానితో పాటు, ఎదుటిపక్షం ముందు ఏ మాట నిలిచింది అన్నది కూడా రాయబారానికి కొలమానమే.

3. మాస్కోలో రాధాకృష్ణన్:
రాధాకృష్ణన్ వెళ్ళేనాటికి భారతదేశం ఇంకా ఆంగ్లో-అమెరికన్ కూటమి నీడలోనే ఉందని సోవియట్ నాయకత్వం భావించేది. ఆయనకు ముందు రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ దర్శనమే లభించలేదు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవిని కొనసాగిస్తూనే బాధ్యత చేపట్టిన ఈ తత్త్వవేత్తను స్టాలిన్ 1950 జనవరిలోను, 1952 ఏప్రిల్‌లోను కలుసుకున్నాడు. కళింగయుద్ధానంతరం అశోకునిలో వచ్చిన మార్పును రాధాకృష్ణన్ ఆయనకు గుర్తుచేశారని, తానూ ఒకప్పుడు మతపాఠశాలలో చదివినవాణ్ణేనని స్టాలిన్ బదులిచ్చాడని ప్రసిద్ధి.

ఈ ఉదంతాన్నే పదేపదే చెప్పుకోవడం వల్ల ఒక నష్టం జరిగింది. రాయబారం మొత్తం ఒక వ్యక్తి మహిమగా కుదించుకుపోయింది. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు, ప్రజా చైనాకు భద్రతామండలిలో స్థానం కల్పించడంతో సంధి ప్రయత్నాన్ని ముడిపెట్టి ఆయన మాస్కోలో చేసిన కృషి అంతగా చర్చకు రాదు. నెహ్రూ లేఖలకు స్టాలిన్ సానుకూలంగా స్పందించాడు, అమెరికా అంగీకరించలేదు. సంధి కుదరలేదు. అయితే భారతదేశం ఏ కూటమికీ చెందని స్వరంతో మాట్లాడగలదన్న సంగతి మాస్కోకు తెలిసింది. ఉద్యోగపర్వం చూపే ప్రమాణంతో చూస్తే, ఆయన సాఫల్యం అశోకుని ప్రస్తావన కంటే ఈ విఫలయత్నంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

4. పరిమితి:
రాధాకృష్ణన్ వెంట తీసుకెళ్ళిన సంస్కృతి ప్రధానంగా ఉపనిషత్తులు, బౌద్ధం. దాన్ని ఆయన ప్రపంచానికి అందించిన భాష ఇంగ్లీషు. ఆయన ధమ్మపద అనువాదం రాయబారిగా ఉన్న కాలంలోనే, 1950లో వెలువడింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన తెలుగువాడైనా, ఆయన దౌత్యంలో తెలుగుకు చోటు కనిపించదు. దీన్ని దోషంగా చెప్పడం న్యాయం కాదు. ఆయన ప్రాతినిధ్యం వహించింది దేశానికి. కానీ ఈ ఖాళీని గుర్తించకపోతే, తర్వాత దాన్ని పూరించినవారిని మరచిపోతాం.

వృక్షశాస్త్రజ్ఞుడు, నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు, అనంతర కాలంలో రాళ్ళబండి వేంకటేశ్వరరావు మాస్కోలో ఉండి రష్యన్ రచనలను తెలుగు చేశారు. ఆ పుస్తకాలు విశాలాంధ్ర ద్వారా పల్లెల దాకా చేరాయి. వారికి రాయబారి హోదా లేదు. అయినా సామాన్య తెలుగు పాఠకునికి రష్యా పరిచయమైంది చాలావరకు వారి వాక్యాల ద్వారానే. అయితే ఈ రాకపోకలు సమంగా సాగలేదు. రష్యన్ నుంచి తెలుగులోకి వచ్చినంతగా తెలుగు నుంచి రష్యన్‌లోకి సాహిత్యం వెళ్ళలేదు.

5. ముగింపు:
రాయబారి సభలో మాట నిలుపుతాడు. అనువాదకుడు ఆ మాటను ఇంటింటికీ చేరుస్తాడు. రాధాకృష్ణన్ మొదటి పనిని సమర్థంగా నిర్వహించారు. రెండో పనిలో తెలుగువారు అందుకున్నది ఎక్కువ, అందించింది తక్కువ. రాధాకృష్ణన్‌ను గౌరవించడమంటే స్టాలిన్ కథను మళ్ళీ చెప్పుకోవడం ఒక్కటే కాకూడదు. తెలుగు రచనను పరభాషలకు చేర్చే అనువాదకులను తయారుచేయడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల ముందున్న పని. విద్యార్థుల ప్రశ్నకు కూడా ఇదే సమాధానం: యుద్ధం ఆగకపోయినా రాయబారి చెప్పిన మాట మిగులుతుంది; దాన్ని అందుకొని ముందుకు తీసుకుపోయేవారు ఉండాలి.