పోలిక లేని బడి ఎవరికి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ప్రత్యామ్నాయ బడి అనగానే అందరికీ గుర్తొచ్చేది రిషివ్యాలీయే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే బడి అది. పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చొద్దు, భయపెట్టొద్దు, మార్కుల వెంట పరుగెత్తించొద్దు అన్నాడాయన. మంచి మాటే. ఎవరి పిల్లల్ని కళ్లముందు పెట్టుకుని అన్న మాట అని మాత్రం మేం అడగదలుచుకున్నాం.

పోలిక బాధ ముందు వరసలో కూర్చున్నవాడికి. మాల మాదిగ పిల్లల్ని పల్లెబడి చాలాకాలం ఎవరితోనూ పోల్చలేదు, విడిగా కూర్చోబెట్టింది, నీళ్లకుండ ముట్టొద్దంది. అట్లాంటి పిల్లకు పబ్లిక్ పరీక్ష ఒక వింత చోటు. జవాబు పేపరు మీద పేరుండదు, ఇంటిపేరుండదు, నెంబరుంటుంది. పరీక్షను ఈసడించేవాళ్లకు ఈ సంగతి తట్టదు. (రిషివ్యాలీ పిల్లలూ చివరికి ఐసీఎస్‌ఈ రాసే బయటికొస్తారు, అది వేరే సంగతి.)

అయితే ఆ లోయలోంచే ఇంకో రకం బడి పుట్టింది. దాన్ని చూడకుండా విమర్శించడం న్యాయం కాదు. 1980ల చివరి నుంచి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ అక్కడ పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్నచిన్న కార్డులుగా చేశారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. పిల్ల తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుంటుంది. కొంత టీచరుతో, కొంత తోటిపిల్లలతో, కొంత ఒంటరిగా నేర్చుకుంటుంది. చెనక్కాయలు పీకే రోజుల్లో పదిరోజులు రాకపోయినా పాఠం దాటిపోదు, ఆగిన మెట్టు మీంచే మళ్లీ ఎక్కుతుంది. కూలోళ్ల ఇంటి రోజులెట్లా గడుస్తాయో తెలిసి చేసిన పని ఇది. 1995లో కర్ణాటక 'నలి కలి'కీ, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన పద్ధతికీ దారి ఇక్కడిదే.

మా పేచీ పద్ధతితో కాదు. ఒకే లోయలో ఒకళ్లకి ఇంగ్లీషు, హాస్టలు, పన్నెండో తరగతి దాకా చదువు. ఇంకొకళ్లకి ఒక గది, ఒక టీచరు, తెలుగు, ప్రాథమిక చదువు. రెంటినీ ప్రత్యామ్నాయమనే ఒక్క మాటతో పిలిస్తే ఎట్లా? మొదటిది డబ్బున్నవాళ్లు కోరి ఎంచుకున్నది. రెండోది టీచర్లు లేని చోట గత్యంతరం లేక వచ్చింది. ఒక్క టీచరుతో కూడా చదువు చెప్పొచ్చని రుజువైతే, సర్కారుకు రెండో టీచర్ని వెయ్యకుండా ఉండటానికి సాకు దొరికినట్టే.

కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ సైన్సు ఆవరణ చూసినా మాకిదే అనుమానం. సర్కారు బడి పిల్లలు వచ్చి చేతుల్తో ప్రయోగాలు చేస్తారు, కళ్లు మెరుస్తాయి. సాయంత్రం తిరిగెళ్లిన బడిలో ల్యాబు తాళం ఎవరు తీస్తారు?

1910 నుంచి హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ అంటరాని పిల్లలకు పెట్టిన తెలుగు బడులు కూడా ప్రత్యామ్నాయ బడులే. విద్యావేత్తల జాబితాల్లో వాటికి ఆ పేరు పెట్టరు ఎందుకో! బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను చెప్తోంది. అంటే ఈ కార్డులూ నిచ్చెనా మామూలు సర్కారు బడిలోనే ఉండాలి, సరిపడా టీచర్లతో. అయిదో తరగతి దాటిన మాదిగపల్లె పిల్ల తర్వాత ఎక్కడ చేరింది, పది దాకా నిలిచిందా, ఆ లెక్కలు కులంవారీగా బయటపెట్టమని ఈ సంస్థల్నీ సర్కారునీ అడుగుతున్నాం.