తీగ ఎక్కడ ఆగింది?

కేబుల్ టీవీ రోజులు అయిపోయాయని, ఇక అంతా ఇంటర్నెట్టేనని మన మేధావులు సంబరంగా చెబుతున్నారు. ఎవరికి నచ్చింది వాళ్లు, నచ్చినప్పుడు చూసుకోవచ్చట. ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది అంటున్నారు. ఈ మాట ఎక్కడ నిలబడి అంటున్నారో చూడాలి. గోపాలపట్నంలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో నిలబడితే అది నిజమే. అదే గోపాలపట్నంలో కొండవాలు పేటలో రేకుల ఇంటి గుమ్మంలో నిలబడితే ఆ మాటకి అర్థం మారిపోద్ది.

కేబుల్ మీద మనకి మమకారం అక్కర్లేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2004లో టీవీ9 వచ్చింది. మన కూడు, మన చాకిరీ, మన యాస వీటిలో ఎంతసేపు కనబడ్డాయి? మనం కనబడింది హాస్యానికి, లేదా శవంగా. పత్రికల్ని పట్టిన కులమే తెరనీ పట్టింది. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి వెతికి దొరకలేదని రాశాడు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్క తీస్తే, వాళ్లు చూసిన 121 పెద్ద సంపాదక పదవుల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. ఇరవైమూడేళ్లలో వచ్చిన మార్పు అది.

అయినా కేబుల్ తీగకి ఒక గుణం ఉంది. అది పేటలోకి వచ్చింది. 1995 చట్టం ప్రకారం ఆపరేటరు పోస్టాఫీసులో రిజిస్టరు చేయించుకుంటే సరిపోయేది. అతను పక్క వీధి మనిషే. ఉద్ధారకుడేం కాదు, వ్యాపారి. కాని జీతం పడ్డాక ఇస్తాం బాబూ అంటే ఆగేవాడు. అతని పుస్తకంలో బాకీకి చోటుండేది. విశాఖలో డిజిటల్ బాక్సు తప్పనిసరి చెయ్యడానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. బాక్సు వచ్చాక మనిషి తెలియదు, డబ్బే తెలుస్తుంది. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త పద్ధతి వచ్చింది. వంద ఛానెళ్లకి 130 రూపాయలు, ఆపైన పన్ను, ఆపైన ఒక్కో పే ఛానెలుకి వేరే ధర. బీదవాడు కేబుల్ని వదిలింది ఇంటర్నెట్ మోజుతోనే కాదు, ఈ లెక్క వల్ల కూడా.

మరి ఫైబర్? 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలయింది. నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ అన్నారు. బాక్సు ఖర్చు విడిగా. కరెంటు స్తంభాల మీద తీగ లాగారు. ఇంటిదాకా తీసుకెళ్లే పని కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చారు. ఆలోచన మంచిదే, కాదనలేం. ప్రభుత్వ స్తంభం, ప్రజల డబ్బు. ఇది మనం అడగదగ్గ ఆస్తి. కాని తీగ స్తంభందాకా రావడం వేరు, ఇంట్లోకి రావడం వేరు.

మహద్ గుర్తు చేసుకోండి. ఉమ్మడి చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ 1924లో సరేనంది. అంబేడ్కర్ జనంతో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగింది 1927 మార్చి 20న. ఈ మధ్య మూడు నాలుగేళ్లూ కాగితం మీద చెరువు మనదే. ఇప్పుడు తీగ సంగతీ అంతే. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. ఇంటర్నెట్ అందడం చదువుకునే హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో చెప్పింది. ఆ తీర్పుకి కారణం లేడీస్ హాస్టల్లో ఫోను వాడనివ్వలేదని కోర్టుకెక్కిన ఒక విద్యార్థిని. ఈ తీర్పులు పట్టుకుని పేటలోకి తీగ లాగించింది ఎవరు? ఒక కంపెనీకి ఫోను చేస్తే మీ వీధికి వీలు కాదంటారు. ఎందుకు కాదో చెప్పరు.

అంకెల్లో మాత్రం మనందరికీ బ్రాడ్‌బ్యాండ్ ఉంది. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. 2004లో సెకనుకి 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. ఆ తర్వాత దాన్ని 512కి, 2023 జనవరిలో 2 మెగాబిట్లకి పెంచారు. సెల్‌ఫోన్ డేటా కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులని ట్రాయ్ చెప్పేవాళ్లలో ఇంటికి తీగ ఉన్నవాళ్లు నూటికి ఐదుగురు, అటూ ఇటూగా. మిగిలినదంతా ఫోనే. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పటినుంచీ పేటలోకి ఇంటర్నెట్ అంటే ఆ ఫోనే. ఫోనులో చూడొచ్చు, వినొచ్చు. దాంతో థీసిస్ టైపు చెయ్యమనండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకి పిల్లలు ఇప్పటికీ నెట్ సెంటర్‌కే పోతున్నారు. పైవాళ్లకి రాసే ఇంటర్నెట్, మనకి చూసే ఇంటర్నెట్!

2020లో బడులు మూసినప్పుడు ఇది బట్టబయలైంది. ఆన్‌లైన్ క్లాసు అన్నారు. ఇంటికి ఒక్క ఫోను, అదీ పనికెళ్లిన నాన్న జేబులో. చివరికి పదో తరగతి పిల్లలకి ‘విద్యామృతం’ పేరుతో పాఠాలు చెప్పింది దూరదర్శన్ సప్తగిరే. అంటే పాత టీవీయే. ఫోను రీచార్జి కోసం కేబుల్ తీయించేసుకున్న ఇంట్లో పిల్ల ఏ తెర ముందు కూర్చోవాలి?

అదే ఏడాది మే 7 తెల్లవారుజామున, గోపాలపట్నం ఆనుకునే ఉన్న వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చింది. పన్నెండు మంది పోయారు. రోడ్డు మీద కూలిపోతున్న మనుషుల్ని దేశమంతా ఫోనుల్లో చూసింది. ఫ్యాక్టరీ సైరను మాత్రం మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీయే రాసింది. మనం కనబడటానికి సిగ్నలుంది, మనకి తెలియడానికి లేదు.

ఇంటర్నెట్ మనకేమీ ఇవ్వలేదని నేననను. 2011లో హైదరాబాదులో మొదలైన దలిత్ కెమెరా, ఏ ఛానెలూ పెట్టని మైకును మన వాళ్ల ముందు పెట్టింది. 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరం ఏ ఎడిటరు దయా లేకుండా దేశం చదివింది. అందుకే ఇది వదులుకునే చోటు కాదు. తీగ అడగాల్సింది కూడా అందుకే. సాంఘిక సంక్షేమ హాస్టలుకి, అంబేడ్కర్ భవనానికి, శాఖా గ్రంథాలయానికి ముందు రావాలి. అక్కడ కంప్యూటరు ఉండాలి, రాత్రి తొమ్మిదిదాకా తలుపు తీసి ఉండాలి.

సర్వేలకి వెళ్లే విద్యార్థులకి ఒక మాట. ‘మీ ఇంట్లో ఇంటర్నెట్ ఉందా’ అని అడిగి టిక్కు పెట్టుకుని రాకండి. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఆడపిల్లకి ఏ వేళ దొరుకుతుంది, రీచార్జి ఎన్నాళ్లకి, అయిపోయాక ఎన్నాళ్లు ఖాళీ, తీగ ఏ స్తంభం దగ్గర ఆగింది, ఆ స్తంభానికి అవతల ఎవరి ఇళ్లున్నాయి, ఇవతల ఎవరివున్నాయి – ఇవి అడిగి రాసుకు రండి.