టీక ఎవరు రాయాలి?

మన దేశంలో పుస్తకానికి టీక రాసే హక్కు ఎప్పుడూ చిన్న హక్కు కాదు. మూలం ఎవరు రాసినా, దాని అర్థం ఇదీ అని తేల్చింది వ్యాఖ్యాతే. టీకా తాత్పర్యాలు రాసింది పండితులు, వల్లెవేసింది వాళ్ల పిల్లలు. బడి గడపే తొక్కనివ్వని కాలంలో మాల మాదిగలకు టీక మాట ఎక్కడిది? అందుకే ఇప్పుడు తరగతి గదుల్లోకి వస్తున్న అనొటేషన్ సాధనాల్ని, సోషల్ బుక్‌మార్కింగ్‌ను ఊకె కొత్త టెక్నాలజీ అని చూసి ఊరుకోలేం. నెట్‌లో ఉన్న వ్యాసం మీద గీత గీసి పక్కన మన మాట రాయొచ్చు, దానికి ఇంకొకరు జవాబివ్వొచ్చు. దొరికిన లింకులకు పేర్లు పెట్టి నలుగురికీ కనపడేట్టు దాచొచ్చు. విద్యార్థి పరిశోధనకు ఇంతకన్నా ఏం కావాలి అంటున్నారు వీటిని మెచ్చుకునేవాళ్లు. కావాల్సింది చాలా ఉందని మా వాదన.

ఈ పనిని అంబేద్కర్ కంప్యూటర్ లేకుండానే చేసి చూపించారు. 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తాను పిలిచిన సభను తానే రద్దు చేసుకుంటే, 'కుల నిర్మూలన' ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చేయించారు. మండల్‌తో నడిచిన ఉత్తరాలను అందులోనే పెట్టారు. గాంధీ 'హరిజన్' పత్రికలో దాన్ని విమర్శించారు. 1937లో వచ్చిన రెండో ముద్రణలో ఆ విమర్శనూ, తన జవాబునూ కలిపి వేశారు. మూలం, అభ్యంతరం, సమాధానం మూడూ ఒకే అట్ట కింద! చదివేవాళ్లు ఏది నమ్మాలో వాళ్లకే వదిలేశారు.

అదే పుస్తకాన్ని 2014లో నవయాన సంస్థ ఎస్. ఆనంద్ వివరణలతో, అరుంధతీ రాయ్ పొడవాటి ముందుమాటతో తెచ్చింది. అంబేద్కర్ పుస్తకం ముందు గాంధీ గురించి అంత చర్చ ఎందుకు, అంబేద్కర్‌ను పరిచయం చేసే అధికారం ఎక్కడిది అని దళిత రచయితలు అడిగారు. ఆ వాదాలు 2015లో 'హేట్రెడ్ ఇన్ ద బెల్లీ' అనే సంకలనంగా వచ్చాయి. ఆ పేరు జూపాక సుభద్ర ప్రసంగంలోంచి తీసుకున్నదే. ఆనంద్ వివరణల్లో శ్రమ ఉంది, విద్యార్థికి పనికొచ్చే సమాచారం ఉంది, కాదనం. అయితే తగువు సమాచారం గురించి కాదు. మూలం పక్కన నిలబడే చోటు ఎవరిదన్నదే తగువు. అచ్చయిన పేజీలో ఆ చోటు మూసుకుపోతుంది. తెర మీది పేజీలో తెరిచి ఉంటుంది. ఈ సాధనాల మీద మాకున్న ఆశంతా ఈ ఒక్క తేడా మీదే.

మానుకోట సంగతి చూద్దాం. 2016లో వరంగల్ నుంచి విడదీసిన మహబూబాబాద్ జిల్లాలో, 2011 లెక్కల ప్రకారం, మూడో వంతుకు పైగా గిరిజనులు. వాళ్లలో ఎక్కువమంది లంబాడీలు. ఇక్కడి డిగ్రీ విద్యార్థి తన తండా గురించో, మాదిగ వాడ గురించో పాత పుస్తకం కావాలని నెట్‌లో వెతికితే దొరికేవాటిలో ఒకటి సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద ఇంగ్లీషులో వేసిన గ్రంథం. అందులో కులాలన్నీ వరుసగా ఉంటాయి: పుట్టుక, పెండ్లి, దేవుళ్లు, తిండి, చావు. లంబాడీలు, మాలలు, మాదిగలు వర్ణనకు వస్తువులే తప్ప మాట్లాడే మనుషులు కారు. ఇదే జిల్లాలోని డోర్నకల్‌లో అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలే. వాళ్ల గురించి మిషన్ రాసుకున్న కాగితాలదీ చాలావరకు ఇదే తీరు.

ఈ పేజీల పక్కన 'మా నాయనమ్మ ఇట్ల చెప్తలేదు, మీరు రాసింది వేరే తండా సంగతి' అని ఒక పిల్ల రాసిందనుకోండి, అది పరిశోధన. కానీ అయ్యవార్లు అడిగేది ఏందంటే, వారానికి మూడు వ్యాఖ్యలు, వ్యాఖ్యకు ఇన్ని మార్కులు. పిల్లలు 'బాగుంది', 'ఏకీభవిస్తున్నాను' అని రాసి చేతులు దులుపుకుంటారు. తప్పు పిల్లలది కాదు. మూలంతో కొట్లాడొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు గదా.

భాష సంగతి ఇంకా కష్టం. హైపోథెసిస్ లాంటి సాధనం వ్యాఖ్యను అక్షరాలకు కడుతుంది. మామూలుగా వాక్యాన్ని ఎంచుకుని దాని పక్కన రాయాలి. మన కరపత్రాలను, 'నలుపు' లాంటి పత్రికల పాత సంచికలను ఉత్త ఫోటోలుగా ఎక్కిస్తే, దానికి అందులో అక్షరమే కనపడదు. అంటే ఇంగ్లీషు పుస్తకానికి పుట్టలు పుట్టలుగా టీకలు చేరతాయి, మన రాతలు బొమ్మలుగా పడుంటాయి. హక్కుదారుల అనుమతి తీసుకుని వాటిని టైపు చేయించడమే తరగతి మొదటి పని కావాలి. చాలామంది పిల్లల చేతిలో ఉన్నది ఫోనొక్కటే, ఈ సాధనం ఫోన్‌లో సరిగా ఇమడదు. ల్యాబు తాళాలు తీయకుండా ఈ ముచ్చట్లన్నీ వృథా.

బుక్‌మార్కింగ్‌లో తగువు పేర్ల దగ్గర. లైబ్రరీలో పుస్తకానికి బీరువాలో ఒకటే చోటు. ఇక్కడ ఒక లింకుకు ఎన్ని పేర్లయినా పెట్టొచ్చు. మాదిగ దండోరా 1994లో మొదలై, పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడాన్నే ఉద్యమం చేసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా వర్గీకరించింది. ఇంత జరిగినాక కూడా అన్నిటికీ 'దళిత' అని ఒకటే గుర్తు వేస్తే డక్కలి, చిందు, బుడగ జంగాల సంగతులు మళ్లీ అడుక్కు పోతాయి. అన్ని పేర్లూ వేయాలి. అక్షరక్రమం మీద తరగతి ముందే ఒక ఒప్పందానికి రావాలి. తెలుగులో రాసిన మాదిగ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మాదిగ ఒకటేనని యంత్రం దానంతటది తెలుసుకోదు.

ఇక కాపలా. 2003లో మొదలైన డెలీషియస్‌లో లోకమంతా లింకులు దాచుకుంది. అది చేతులు మారి మారి 2017లో కొత్తవి చేర్చడానికి వీల్లేకుండా ఆగిపోయింది. తరగతి పోగుచేసింది నెలనెలా కాపీ తీసి పెట్టుకోవాలి. హైపోథెసిస్ లాభాపేక్ష లేని సంస్థగా మొదలైంది, దాని కోడ్ కూడా అందరికీ తెరిచి పెట్టింది. కానీ అక్కడ బహిరంగంగా రాసిన వ్యాఖ్య మీద రాసినవాళ్లు హక్కులు వదులుకున్నట్టే. ఎవరైనా, పేరు చెప్పకుండా కూడా వాడుకోవచ్చు. జ్ఞానం అందరిదీ కావాలనేవాళ్లకు ఇది ఆదర్శంగా కనపడొచ్చు. మన పాటలు, కథలు సేకరించుకుపోయి డాక్టరేట్లు తెచ్చుకున్నవాళ్లను చూసిన మనకు అట్ల కనపడదు. సభ్యులకే కనపడే గుంపు పెట్టుకునే వీలుంది. మొదట అందులోనే రాయాలి. కులం పేరుతో తిట్టేవాళ్ల కంట పడకుండా ఉండటానికీ అదే దారి. తర్వాత ఏది బయట పెట్టాలో రాసిన పిల్లలే తేల్చుకోవాలి. నాయనమ్మ మాట బయటికి పోయేట్టయితే ఆమెను కూడా అడగాలి. ఆమెకు చదువు రాకపోతే రాసింది చదివి వినిపించి అడగాలి.