నూట ఎనిమిదికి లొంగని కోటి

కంచర్ల గోపన్న తహసీల్దారీ చేసిన పాల్వంచ దాటి, అడవి దారిన భద్రాచలం చేరే భక్తుల్లో కొందరి సంచుల్లో రామకోటి పుస్తకాలుంటాయి. గడికొక ‘శ్రీరామ’. నిండిన పుస్తకాలు స్వామికి సమర్పిస్తారు. నా కంటికి అవి లెక్కల పుస్తకాలు కూడా.

కోటి అని నోటితో అనేయడం తేలికే. రోజుకు వెయ్యి నామాలు రాస్తే పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. రాసే కష్టం ఒకెత్తు, ఎక్కడిదాకా వచ్చామో లెక్క తప్పకుండా చూసుకోవడం ఇంకొకెత్తు.

జపం చేసేవాళ్ల తావళానికి 108 పూసలు. 92,592 తావళాలు తిప్పినా కోటికి ఇంకా 64 నామాలు తక్కువ పడతాయి. కారణం చిన్నదే. ఏడు పదుల లబ్ధం కోటి. విడదీస్తే ఏడు రెళ్లు, ఏడు అయిదులు, అంతే. 108లోనేమో మూడు మూళ్లున్నాయి. కోటిలో మూడుకు చోటే లేదు; అంకెలు కూడితే ఒకటే కదా, తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగలాల్సిందే. పెద్దలు దీన్ని తెలివిగా దాటేశారు. 108 తిప్పి వందే లెక్కలో వేసుకుంటారు. మిగతా ఎనిమిదీ పరాకున జారిపోయిన నామాల కింద జమ. అలా లక్ష తావళాలకు కోటి పూర్తవుతుంది.

గళ్ల పుస్తకానికి ఈ తరుగు అక్కర్లేదు. వదిలేసిన గడి కంటికి కనబడుతుంది. వరసకు పది గళ్లు, పేజీకి పది వరసలు పెట్టుకుంటే 200 పేజీల పుస్తకానికి 20 వేలు, అయిదు పుస్తకాలకు లక్ష, 500 పుస్తకాలకు కోటి. పేజీకి 80, 125, 128 గళ్లున్నా ఇబ్బంది లేదు. 90 గానీ 96 గానీ అయితే చివరి పేజీ నిండదు. కోటిని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 64. (ఇందాకటి 64తో దీనికి చుట్టరికం లేదు, కాకతాళీయమే.) ఆఖరి నామానికి ముందున్న 99,99,999 జాతకం పూర్తిగా వేరు: 9, 239, 4,649ల లబ్ధమది. రెండూ అయిదూ దాని దరిదాపులకు రావు.

త్యాగరాజస్వామి 21 ఏళ్లలో 96 కోట్ల రామనామం జపించారని ప్రతీతి. అంటే రోజుకు దాదాపు లక్షా పాతిక వేలు. నిద్ర మానుకున్నా సెకను తిరక్కుండానే ఒక నామం. మరి కీర్తనలు ఎప్పుడు కట్టినట్టు?

సీతారాముల కల్యాణానికి వడ్లు గోటితో ఒలిచి కోటి తలంబ్రాలు తెచ్చే గోదావరి జిల్లాల భక్తుల లెక్క నాకు ఇంకా నచ్చుతుంది. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములనుకుంటే కోటి గింజలు రెండు క్వింటాళ్లు. గింజకు అయిదు సెకన్లు, రోజుకు ఎనిమిది గంటలు వేసుకుంటే ఒక్క మనిషికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. వెయ్యి మంది కూర్చుంటే తలా పదివేల గింజలు, ఒకటి ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. రెండో రోజు సాయంత్రానికల్లా పని తెమిలిపోతుంది.