టోలెడోకి ఒక రోజు

మాడ్రిడ్ నుంచి టోలెడో 70 కిలోమీటర్లు. ఏ-42 రహదారి మీద టోల్ లేదు, గంటలో చేరిపోవచ్చు. ఆ దగ్గరతనమే జనాన్ని తొందరపెడుతుంది. "గంటేగా, పొద్దున టోలెడో చూసేసి సాయంత్రం ఇంకో ఊరు కలుపుదాం" అంటారు. మాడ్రిడ్‌లో ఉద్యోగాలు చేసే మన పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నల కోసం ఈ రోజును నేను చాలాసార్లు కాగితం మీద గీశాను. గీసిన ప్రతిసారీ కారు ఎక్కడ వదలాలి అన్న దగ్గరే మొదలుపెడతాను. మిగతా రోజంతా దాన్నిబట్టే నడుస్తుంది.

ఎందుకో తెలియాలంటే ఆ ఊరు కూర్చున్న చోటు చూడాలి. టోలెడో ఒక రాతిగుట్ట మీద ఉంది. తాహో నది లోతైన లోయలో పారుతూ మూడు వైపులా దాన్ని చుట్టేస్తుంది. నది లేని ఉత్తరం వైపు కోటగోడలు లేచాయి. రోమన్లు, విసిగోత్‌లు, అరబ్బులు, 1085లో ఊరిని పట్టుకున్న ఆరో అల్ఫోన్సో రాజు, ఇంతమంది ఈ గుట్టనే కోరుకున్నది పైకి ఎక్కి రావడం కష్టం కనకే. తర్వాత 1561లో రెండో ఫిలిప్ దర్బారును మాడ్రిడ్‌కు తరలించాడు. అధికారం పోయిన ఊళ్లో పాతవి పడగొట్టి కొత్తవి కట్టాల్సిన అవసరమూ తగ్గింది. ఇరుకు సందులు అలాగే ఉండిపోయాయి. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సైన్యాలను నిలవేసిన ఆ గుట్టే ఇవాళ కార్లనూ నిలవేస్తుంది. దానితో పోట్లాడకుండా కిందే ఆపుకోవడం మంచిది.

అలా కింద ఆగేవాళ్ల కోసం టోలెడో చేసిన ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. పసేయో దె రెకారెదో అనే వీధి దగ్గర కోటగోడ కింద నుంచి గుట్టను తొలిచి, 2000లో ఎస్కలేటర్లు పెట్టారు. మెట్టు ఎక్కే పని లేకుండా 36 మీటర్ల ఎత్తు పైకి తీసుకెళతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇంతకంటే మేలు చేసిన కట్టడం ఆ ఊళ్లో ఇంకొకటి లేదు. అక్కడ కారుకు చోటు దొరకకపోతే నది ఒడ్డున సాఫోంత్ దగ్గర డబ్బు కట్టక్కర్లేని పెద్ద మైదానం ఉంది, అక్కడా ఎస్కలేటర్లున్నాయి. పైన ఆకుపచ్చ గీతలున్న చోట మాత్రం ఆపకండి, అవి ఆ వీధివాళ్లవి.

మనదేశం నుంచి వచ్చి కారు అద్దెకు తీసుకునేవారు ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ముందే తెచ్చుకోవాలి. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి, గేరు కుడిచేత్తో వేయాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి. రౌండబౌట్‌లో అప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి. కుడివైపున నడపడం అలవాటు చేసుకోవడానికి ఏ-42 మంచి రోడ్డే.

ఊరు కనబడగానే పైకి ఎక్కేయకండి. ముందు నదికి అవతల, దక్షిణపు ఒడ్డున సాగే చుట్టురోడ్డు మీదుగా మిరాదోర్ దెల్ వాయె అనే చోటికి పోనివ్వండి. అక్కడ నిలబడితే ఊరంతా ఎదురుగా ఉంటుంది. కుడిపక్క అల్కాథార్ కోట, మధ్యలో కేథడ్రల్ శిఖరం, కింద మలుపు తిరిగే నది. మాడ్రిడ్‌లో అతోచా స్టేషన్ నుంచి రైలు అరగంట దాటగానే టోలెడోలో దింపుతుంది. అయినా కారు తీసుకోమంటున్నది ఈ రోడ్డు కోసమే. పొద్దున ఎండ వెనకనుంచి పడుతుంటుంది, ఊరు స్పష్టంగా కనిపిస్తుంది. కాసేపటికి లోపల సందుల్లో దిక్కు తెలియనప్పుడు ఈ చూపే దారి చెబుతుంది.

ఇక రెకారెదో దగ్గర కారు వదిలి పైకెక్కాక, వెనక్కి తిరిగి రానక్కర్లేని చుట్టు ఒకటుంది. ముందుగా క్రిస్తో దె లా లూత్. 999లో కట్టిన చిన్న మసీదు, తర్వాత చర్చి అయింది. అక్కడి నుంచి కేథడ్రల్. పని మొదలైంది 1226లో, ముగిసింది 1493లో. లోపల ప్రధాన పీఠం వెనక్కి తప్పకుండా వెళ్లండి. 18వ శతాబ్దంలో నార్సీసో తొమే పైకప్పును కోసి వెలుగును కిందికి దింపాడు. పాలరాతి దేవదూతలు ఆ వెలుగులో నిజంగా దిగివస్తున్నట్టే ఉంటారు.

తర్వాత సాంతో తొమే చర్చి. ఎల్ గ్రెకో గీసిన 'ఒర్గాత్ ప్రభువు ఖననం' ఉన్నది ఇక్కడే. చాలా గొప్ప చిత్రాలు పుట్టినచోటు వదిలి మ్యూజియంలకు చేరాయి. ఇది మాత్రం 1588 నుంచీ ఆ ప్రభువు సమాధి మీదే ఉంది. 1323లో చనిపోయిన మనిషిని పూడ్చడానికి ఇద్దరు సెయింట్లు స్వయంగా దిగివచ్చారన్నది కథ. చుట్టూ నిలబడ్డవాళ్లు మాత్రం చిత్రకారుడి కాలపు టోలెడో పెద్దమనుషులు. ముందు నిలబడి వేలు చూపిస్తున్న పిల్లవాడు ఎల్ గ్రెకో కొడుకు. వాడి జేబులోంచి బయటికి వచ్చిన రుమాలు మీద 1578 అని ఉంటుంది, వాడు పుట్టిన సంవత్సరం. ఒక తండ్రి అలా రాసుకున్నందుకే నాకు ఆ చిత్రం ముందు నుంచి కదలబుద్ధి కాదు. దీనికి అరగంట పెట్టుకోండి.

కిందికి దిగితే పాత యూదుల పేట. 14వ శతాబ్దంలో రాజు కోశాధికారి శామ్యూల్ హలేవీ కట్టించిన ఎల్ ట్రాన్సితో, తెల్లటి గుర్రపునాడా కమానుల సాంతా మరియా లా బ్లాంకా, రెండూ ఒకప్పటి సినగాగులు. 1492లో యూదులను దేశం నుంచే వెళ్లగొట్టారు. అంతకుముందు అన్ని మతాలవారూ కలిసి బతికిన కాలమూ ఉంది. 12వ శతాబ్దంలో ఈ ఊళ్లోనే కూర్చుని క్రెమోనా జెరార్డ్ లాంటివాళ్లు అరబ్బీ శాస్త్ర గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చారు. మన అంకెలతో లెక్కగట్టే పద్ధతి యూరప్‌కు చేరిన దారుల్లో ఆ కాలపు అనువాదాలూ ఒకటి. చివరగా సాన్ హువాన్ దె లోస్ రెయెస్ మఠం. దాని పక్కగా దిగి కాంబ్రోన్ ద్వారం దాటితే మళ్లీ రెకారెదో వీధి, మన కారు.

తిండికి రెండు గంటల తర్వాతే, అక్కడి భోజనవేళ అదే. వేటపక్షులూ పంది మాంసమూ ఆ ఊరి వంటలు. శాకాహారులు పిస్తో అడగండి, టమాటా, కాప్సికం, ఉల్లి మగ్గబెట్టిన కూర. పైన గుడ్డు వద్దని చెప్పాలి. ఎండాకాలంలో ఎండ 40 డిగ్రీల దాకా కాస్తుంది, ఆ వేళ రాతి గోడల మధ్యే గడపండి. జూన్‌లో పొద్దు కుంకేసరికి రాత్రి పదికి దగ్గరవుతుంది, కాబట్టి వెలుతురుకు కొరత లేదు.

అల్కాథార్‌ను నేను జాబితాలోంచి తీసేస్తాను. లోపలున్న సైనిక మ్యూజియం ఒక పూట మింగేస్తుంది. ఏడు కట్టడాలకు కలిపి అమ్మే చేతిపట్టీ టికెట్టూ ఒక్కరోజు మనిషికి వద్దు, ఏడూ చూడాలన్న ఆత్రం తప్ప ఏం మిగలదు. సోమవారం ఎల్ ట్రాన్సితోకి సెలవు. ఆదివారం పొద్దున కేథడ్రల్‌లో ప్రార్థనలుంటాయి, చూసేవారిని మధ్యాహ్నమే రానిస్తారు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా పెట్టుకోండి. దయచేసి అదే రోజుకు సెగోవియా ఊరిని జోడించకండి, దానికి ఇంకో రోజు ఇవ్వండి.