ఆరున్నర మిల్లీమీటర్ల పనితనం

పత్తి ఆకును మెల్లగా తిరగేస్తే, అడుగున లేతాకుపచ్చ పిల్లపురుగు ఐమూలగా నడిచి ఈనె చాటుకు పోతుంది. మన రైతులు దాన్ని పచ్చదోమ అంటారు. నిజానికి అది దోమ కాదు. మామిడి పూతను ఆశించే తేనెమంచు పురుగులాగే అదీ లీఫ్‌హాపర్ల కుటుంబానిదే. ఆకుల మీంచి చటుక్కున దూకుతాయి గనుక వాటికా పేరు. ఈ కుటుంబంలో ఇప్పటికే 20,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. పంటను పాడుచేసేవాటిని మనం ఎలాగూ గుర్తుపడతాం. అడవిలో తన మానాన తాను బతికే పురుగును గుర్తుపట్టాలంటే మాత్రం ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చోవాలి.

అలా కూర్చున్నవారిలో ఒకరు ఆల్విన్ హెల్డెన్. ఇంగ్లండ్‌లోని ఆంగ్లియా రస్కిన్ విశ్వవిద్యాలయంలో కీటక శాస్త్రవేత్త. విద్యార్థులను వెంటబెట్టుకుని పశ్చిమ ఉగాండాలోని కిబాలే జాతీయ వనానికి వెళ్లి, అక్కడి పురుగులను నమోదు చేస్తూ వచ్చారు. 2018లో ఆయనకు ఫ్లోగిస్ అనే ప్రజాతికి చెందిన లీఫ్‌హాపర్ దొరికింది. ఆ ప్రజాతి పురుగు అంతకుముందు చివరిసారి కనిపించింది 1969లో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో.

దొరికిన పురుగు పొడవు 6.5 మిల్లీమీటర్లు. ఒంటికి లోహపు మెరుపు, ఆ మెరుపు నిండా సన్నని గుంటలు. సుత్తిదెబ్బలతో సొట్టలు తేల్చిన ఇత్తడి చెంబును చీమంత చేసి చూసినట్టుంటుంది.

అయితే అందం సాక్ష్యం కాదు. వెనక కాళ్లమీద బారులు తీరిన ముళ్లు చూసి ఇది లీఫ్‌హాపర్ అనగలం. జాతి తేల్చడానికి అది చాలదు. రంగును నమ్మలేం, ఒకే జాతిలోనూ మారుతుంది. సాధారణంగా అసలు తేడా మగపురుగు పొట్ట చివర, జననాంగాల్లో దాగి ఉంటుంది. ఆ కొసను విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచుతారు. కండా కొవ్వూ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. కాస్త ఎక్కువసేపు ఉంచితే అవీ చెడతాయి. కడిగి గ్లిజరిన్ చుక్కలో పెట్టి, మైక్రోస్కోపు కింద సూదిమొనతో ఒత్తిగిలజేస్తూ ప్రతి వంపునూ చూస్తారు, కొలుస్తారు, గీస్తారు. ఇక్కడ ఒక ముల్లు ఎడంగా గీస్తే మరో జాతి అయిపోతుంది. హెల్డెన్ పురుగులో ఆ అంగం కొంతమేర ఆకు ఆకారంలో ఉంది. ఆకుల మీద బతికే కుటుంబపు పురుగు, తన గుర్తునూ ఆకులాగే దాచుకుంది!

2022లో ఇది కొత్త జాతి అని తేల్చిన వర్ణన అచ్చయింది. పేరు ఫ్లోగిస్ కిబాలెన్సిస్, అంటే కిబాలేకు చెందినది. ఒక్క మాటలో పురుగుకు ఊరు దక్కింది.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఈ పని వెనకున్న నమ్మకం. ఇది కొత్తదని హెల్డెన్ చెప్పగలిగారంటే, పాతదాన్ని అంతకుముందు ఎవరో శ్రద్ధగా వర్ణించి ఉంచారు గనుకనే. పక్కన పెట్టి పోల్చడానికి పాత రాత లేకపోతే కొత్త అన్న మాటకే అర్థం లేదు. కిబాలెన్సిస్ ఏ మొక్క రసం పీలుస్తుందో, అడవికి ఏం చేస్తుందో పేరు పెట్టేనాటికి తెలియదు. ఆ ప్రశ్నలు వేయడానికైనా ముందు పురుగుకో పేరుండాలి. రేపు ఎవరికైనా అలాంటి మెరుపే ఆకు మీద కనిపిస్తే, వాళ్లు వెతుక్కునే రాత ఇప్పుడు సిద్ధంగా ఉంది.