ఐసోటోపుల రసాయన ధర్మాలు ఒకటేనా?

ఒక మూలకపు ఐసోటోపులన్నింటికీ రసాయన ధర్మాలు ఒకటేననీ, భౌతిక ధర్మాలలో మాత్రమే తేడా ఉంటుందనీ మీరు పాఠ్యపుస్తకాలలో చదివే ఉంటారు. పరీక్షలో అలాగే రాసి మార్కులు కూడా తెచ్చుకొని ఉంటారు. కానీ ఆ వాక్యం ఎంతవరకు నిజం? దానిని ఒకసారి పరీక్షకు పెడదాం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ వాక్యానికి ఆధారం లేకపోలేదు. రసాయన చర్యలలో పాల్గొనేవి ఎలక్ట్రాన్లు. ఒక మూలకపు ఐసోటోపులన్నింటిలో ప్రోటాన్ల సంఖ్య ఒకటే కనుక ఎలక్ట్రాన్ల సంఖ్య కూడా ఒకటే. యురేనియం వంటి బరువైన మూలకాలలో ఐసోటోపుల రసాయన ప్రవర్తనలో తేడా అత్యల్పం. చిక్కు వచ్చేది తేలిక మూలకాల దగ్గర. ఉదాహరణకు లిథియంను తీసుకోండి.

ప్రకృతిలో దొరికే లిథియంలో నూటికి సుమారు 7.6 పరమాణువులు లిథియం-6, మిగిలినవి లిథియం-7. రెండింటిలోనూ ప్రోటాన్లు 3. మొదటిదానిలో న్యూట్రాన్లు 3, రెండవదానిలో 4. ఒక్క న్యూట్రానే కదా అని తీసివేయకండి. ఆరింటికి ఒకటి చేరితే బరువు దాదాపు 17 శాతం పెరుగుతుంది. యురేనియం-235, యురేనియం-238ల మధ్య తేడా 1.3 శాతం మాత్రమే.

ఈ బరువు తేడా రసాయన చర్యలో ఎలా బయటపడుతుంది? బంధంలో ఉన్న పరమాణువు ఎన్నడూ పూర్తిగా నిశ్చలంగా ఉండదు. పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద కూడా కొంత కంపనం మిగిలే ఉంటుందని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఒకే రకమైన బంధంలో తేలిక ఐసోటోపుకు ఈ కంపన శక్తి కొంచెం ఎక్కువ, బరువైనదానికి కొంచెం తక్కువ. అందువల్ల గట్టిగా పట్టి ఉంచే పరిసరాలలో బరువైన ఐసోటోపు కొద్దిగా ఎక్కువగా చేరుతుంది. పట్టు వదులుగా ఉన్నచోట తేలికది ఎక్కువగా మిగులుతుంది.

ఇప్పుడు పాదరసంలో కరిగించిన లిథియంను, లిథియం హైడ్రాక్సైడ్ నీటి ద్రావణాన్ని ఒకదానికొకటి తగిలేటట్లు ఉంచామనుకోండి. రెండింటి మధ్య లిథియం పరమాణువులు ఇటూ అటూ మారుతుంటాయి. నీటిలో లిథియం అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టి గట్టిగా పట్టుకుంటాయి. పాదరసంలో అంత పట్టు లేదు. ఫలితంగా లిథియం-7 నీటి వైపు, లిథియం-6 పాదరసం వైపు కొద్దిగా ఎక్కువగా చేరతాయి. దీనినే రసాయన వినిమయ పద్ధతి అంటారు. అమెరికా శాస్త్రజ్ఞులు జి.ఎన్. లూయిస్, ఆర్.టి. మెక్డొనాల్డ్ 1936లోనే ఈ మార్గాన లిథియం ఐసోటోపులను వేరుపరిచి చూపారు.

ఒక మెట్టులో వచ్చే మార్పు సుమారు 5 శాతమే. ఇంత చిన్న తేడాతో ఏమవుతుంది అంటారా? చక్రవడ్డీ లెక్కను గుర్తు చేసుకోండి. 1.05ను 14 సార్లు గుణించి చూడండి, దాదాపు 2 వస్తుంది. అంటే 14 మెట్లు దాటేసరికి లిథియం-7తో పోల్చినప్పుడు లిథియం-6 నిష్పత్తి రెట్టింపవుతుంది.

ఇదే సూత్రం తెలుగు నేలపైనా పనిచేస్తున్నది. తెలంగాణలోని మణుగూరు భారజల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ నీటికీ మధ్య డ్యుటీరియం వినిమయం జరుగుతుంది. ఐసోటోపుల రసాయన ధర్మాలు అక్షరాలా ఒకటే అయితే ఆ కర్మాగారం ఒక్క చుక్క భారజలం కూడా ఇవ్వగలిగేది కాదు!

పాఠ్యపుస్తకం లేదన్న ఈ తేడాపై ఆధారపడి ఒక దేశం పెద్ద పరిశ్రమనే నడిపింది. దానికి చెల్లించిన మూల్యం తెలుసుకోండి. లిథియం-6 న్యూట్రాన్‌ను గ్రహించి ట్రిటియం, హీలియంలుగా విడిపోతుంది. హైడ్రోజన్ బాంబుల కోసం అమెరికాకు ఇది కావలసి వచ్చింది. టెనెసీ రాష్ట్రం ఓక్ రిడ్జ్‌లోని వై-12 కర్మాగారంలో 1955 నుంచి 1963 వరకు పాదరసం పద్ధతిని భారీ ఎత్తున నడిపారు. ఇందుకు వాడిన పాదరసం సుమారు 1.1 కోట్ల కిలోలు. అందులో 9 లక్షల కిలోలకు పైగా పోయిందని, లేదా లెక్కకు రాలేదని 1983లో బయటపెట్టారు. గాలిలోకి, నేలలోకి, ఈస్ట్ ఫోర్క్ పాప్లర్ క్రీక్ అనే వాగులోకి పాదరసం చేరింది. నీటిలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చేపల శరీరాలలో పేరుకుంటుంది. కర్మాగారంలో ఆ పని ఆగి అరవై ఏళ్లు దాటినా, అక్కడి శుద్ధి పని పూర్తి కాలేదు.

మరో ఫలితం ప్రయోగశాలల అలమరాలలో కనిపించింది. లిథియం-6 తీసివేయగా మిగిలిన లిథియం బజారులోకి వచ్చింది. సాధారణంగా 6.94 ఉండవలసిన పరమాణు భారం కొన్ని సీసాలలో 6.99 దాకా ఉన్నట్లు తేలింది. పట్టికలోని విలువను నమ్మి లెక్క కట్టినవారి ఫలితాలలో అంత మేరకు తప్పు వచ్చినట్లే.

కేంద్రక సంలీనం గురించిన వ్యాసాలలోనూ ఇలాంటి లోపమే ఉంది. ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఐటర్ ప్రయోగంలో 2005 నుంచి మన దేశం కూడా భాగస్వామి. భవిష్యత్తు సంలీన రియాక్టర్లకు కావలసిన ట్రిటియం లిథియం నుంచి వస్తుందని, లిథియంకు కొదవ లేదని అనేకులు రాస్తుంటారు. అయితే చాలా నమూనాలకు కావలసింది లిథియం-6 శాతం పెంచిన లిథియం. పాదరసం లేకుండా దానిని పెద్ద ఎత్తున వేరుచేయడం ఎలా? క్రౌన్ ఈథర్ల వంటి పదార్థాలతో పరిశోధనలు సాగుతున్నాయి. ఈ ప్రశ్నను వదిలేసి సంలీన శక్తిని పరిశుభ్రమైనదని పొగడటం సగం లెక్క చూపి మొత్తం చెప్పినట్లే.

విద్యార్థుల కోసం విషయాన్ని సులభం చేయడం తప్పు కాదు. కానీ మినహాయింపే లేదన్నట్లు చెప్పడం తప్పు. ‘రసాయన ధర్మాలు దాదాపు ఒకటే, తేలిక మూలకాలలో స్వల్ప తేడాలుంటాయి’ అని రాస్తే పుస్తకంలో మరో అర వరుస పెరుగుతుంది, అంతే. ఆ ‘దాదాపు’ ఎందుకు అని ఈసారి తరగతిలో మీరే అడగండి.